తర్వాత వచ్చింది

"అమ్మా, ఈ వంటిల్లు తర్వాత వచ్చిందే కదా?" అంది ఆర్కిటెక్ట్ అమ్మాయి, నేను మాడిన పాలగిన్నె తోముతుండగా.

ఆ అమ్మాయి చేతిలో ఎర్ర సుద్దముక్క ఉంది. తలుపు పక్కన ఒకటి, పొయ్యి పైన ఒకటి, అప్పటికే గోడ మీద ఇంటూ గుర్తులు పెట్టేసింది. బడిలో భాష చెప్పి రిటైరయినదాన్ని, పిల్లల కాగితాల మీద అలాంటి ఇంటూలు నేనెన్ని పెట్టానో లెక్కలేదు. నా గోడ మీద ఇంకొకరు పెడితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ, "దేని తర్వాత?" అన్నాను.

"ముందు గది తర్వాత. సార్ రాసుకునే గదే కదమ్మా అసలు ఇల్లు. ఇది తర్వాత తగిలించింది. దీన్ని తీసేస్తే ఇల్లు మొదట్లో ఎలా ఉండేదో అలా వచ్చేస్తుంది. సార్ ఒక్కరే ఉన్న రోజుల్లోలాగా."

పాత సున్నం గీకేస్తాం అన్నంత తేలిగ్గా చెప్పింది. ఒక్కరే ఉన్న రోజులట! ఆ రోజులెప్పుడున్నాయో నాకూ చూడాలనుంది. ఈయన నిజంగా ఒక్కరే ఉన్న రోజంటూ ఒకటుంటే, ఆ సాయంత్రానికల్లా ఆకలికి తట్టుకోలేక గుట్ట దిగి వచ్చేసి ఉండేవారు. ఆ మాటే అనబోయి ఊరుకున్నాను. అమ్మాయి మంచిది. బూట్లు బయట విప్పి లోపలికొస్తుంది, టీ ఇస్తే కప్పు తనే కడిగి పెడుతుంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో కప్పు కడిగిన అతిథి ఆ అమ్మాయి ఒక్కతే.

మా ఆయన పెద్ద రచయిత. ఊళ్లో ఎవరినడిగినా పేరు చెప్పరు, "గుట్ట మీద ఆయన" అంటారు. ఊరికి దూరంగా, రాళ్లు కొట్టి వదిలేసిన గుట్ట మీద, చెట్ల మధ్య రెండే రెండు గదుల ఇల్లు మాది. ఆ ఇంటి గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు, 'ఒక్కడి ఇల్లు' అని. నవలలు చదవనివాళ్లు కూడా ఆ పుస్తకం చదివారు. చదివి, ఆ ఏకాంతం ఎలా ఉంటుందో చూద్దామని గుంపులు గుంపులుగా గుట్టెక్కి వచ్చేవాళ్లు. కిటికీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకుని, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అనేవాళ్లు. ఆ ప్రశాంతానికి అవతలి గదిలో నేను అంతమందికి టీ కాస్తూ, పాలు చాలవని తలపట్టుకుని ఉండేదాన్ని.

ఈ మధ్య ఆయనకి మోకాళ్లు పనిచెయ్యడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక గుట్ట మీద ఉండలేం, అబ్బాయి ఫ్లాటుకి మారక తప్పదు. ఇల్లు పాడుపడకుండా మేం చూసుకుంటామని, ఈ ఆర్కిటెక్ట్ అమ్మాయిని పెట్టి జనం చూసేలా తీర్చిదిద్దుతామని అభిమానులు స్మారక సమితి అని ఒకటి పెట్టారు. మనిషి నిక్షేపంలా ఉంటే స్మారకమేమిటని నేను నవ్వితే ఆయనకి కోపమొచ్చింది. ఇల్లు సమితికి రాసిచ్చేశారు. నన్నడిగారా అంటే, అడిగారు. "సంతకం పెట్టేశాను, సరేనా?" అని అడిగారు.

నాకా వంటిల్లంటే మమకారం తన్నుకొస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. పొగకి కళ్లు మండి మండి అద్దాలొచ్చాయి. వానొస్తే ఓ మూల కారేది. ఆ గదిలో నిలబడీ నిలబడీ నా కాళ్ల నరాలు తాళ్లలా తేలాయి. కూలిస్తే పీడ విరగడైందని సంతోషించాల్సిన గదే అది. కానీ ఆ అమ్మాయి సుద్దముక్కతో తప్పు పెట్టిన ఆ గోడ, నేనీ గుట్ట మీద బతికానని చెప్పే ఒకే ఒక్క వస్తువు. అది పోతే ఇక్కడ నేను లేనట్టే. ఎప్పుడూ రానట్టే.

ఎందుకంటే, ఇంటి చరిత్ర నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పెళ్లైన కొత్తలో అత్తగారితో కలిసి అద్దె వాటాలో ఉండేవాళ్లం. పలచటి గోడలు. పక్కింటి పసివాడు ఏడిస్తే ఈయన కలం విసిరికొట్టేవారు. "నాకు నిశ్శబ్దం కావాలి, లేకపోతే నేను రాయలేను, రాయకపోతే బతకలేను" అనేవారు. అత్తయ్య నావైపు చూసేది, ఆ నిశ్శబ్దమేదో నేనే పెట్టెలో దాచుకున్నట్టు. "వాడికేం కావాలో చూడవే, నువ్వెందుకున్నావు మరి?" అనేది. నేనెందుకున్నానో అప్పటికి నాకూ తెలియదు. మా బాబాయ్ మేస్త్రీ. ఆ గుట్ట మీద చాలా కాలం రాళ్ల పని చేయించాడు, పని అయిపోయాక ఆ చోటు తన పేర ఉండిపోయింది. వెళ్లి అడిగాను. "చోటు నీదే అనుకో తల్లీ. కూలీలని మాత్రం పెట్టలేను. సెలవుల్లో వచ్చి నువ్వు రాళ్లందిస్తానంటే నేను గోడ లేపుతా" అన్నాడు. బడి మూసిన మర్నాడే బట్టలు సర్దుకుని వెళ్లిపోయాను.

ఆ ఎండాకాలమంతా గుట్ట మీద నేనూ, బాబాయీ, పిన్నీ. మట్టి తొక్కాను, నీళ్లు మోశాను, రాయి మీద రాయి అందించాను. బడి తెరిచాక బొబ్బలెక్కిన చేత్తో సుద్ద పట్టుకోలేక పిల్లల చేత బోర్డు మీద రాయించేదాన్ని. బాబాయ్ ముందు వంటిల్లే కట్టాడు. "పొయ్యంటూ వెలిగితే మనుషులుంటారు. రాసుకునే గదిదేముంది, తర్వాత చూద్దాం" అన్నాడు. నన్ను గోడ పక్కన నిలబెట్టి, మోచేతి దగ్గర బొగ్గుతో గీత గీసి, సరిగ్గా ఆ ఎత్తుకి గట్టు కట్టాడు. గుమ్మం కూడా నా ఎత్తుకే పెట్టాడు. "మా ఆయన పొడుగు కదా బాబాయ్" అంటే, "వంగి వస్తాడులే, అరిగిపోడు" అని పకపకా నవ్వాడు. రవికెలూ చెప్పులూ తప్ప నా ఒంటి కొలత చూసి ఎవరైనా ఏదైనా చెయ్యడం నా బతుకులో అదొక్కసారే.

మా ఆయన పైకప్పు పడ్డాక వచ్చారు, చేతిసంచీతో. వంగడం తెలియక గుమ్మానికి తల కొట్టుకున్నారు. నుదురు రుద్దుకుంటూ లోపలికొచ్చి, నాలుగు మూలలా చూసి, అన్న మొదటి మాట, "బల్ల ఎక్కడేస్తారు?"

బల్ల లేదు. ఆ వానాకాలం, ఆ చలికాలం పొయ్యి పక్కన చెక్కపెట్టె బోర్లించుకుని రాశారు. ఆయనకి పేరు తెచ్చిన మొదటి నవల ఆ పెట్టె మీద రాసిందే. నేను కూరలు తరుగుతుంటే రాసింది చదివి వినిపించేవారు. "ఆ పిల్ల అలా మాట్లాడదండీ" అంటే మొహం మాడ్చుకునేవారు, మర్నాటికి మార్చేవారు. నిజం చెప్పొద్దూ, నా కాపురంలో సుఖపడింది ఆ కొన్ని నెలలే. మరుసటి ఏడు సెలవుల్లో బాబాయ్ మళ్లీ వచ్చి, వంటింటి గోడకి ఆనించి ముందు గది కట్టాడు. లోయవైపు పెద్ద కిటికీ పెట్టాడు. బల్ల వేశాం. ఈయన ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఇక నాకేదీ చదివి వినిపించలేదు. రాసింది తెచ్చి గట్టు మీద పెట్టి, "ఫెయిర్ కాపీ చెయ్యి, అక్షరదోషాలుంటే చూడు" అనేవారు. ఆ గుమ్మం దగ్గర వంగలేక, కాగితాలు ఇవ్వడానికి తప్ప వంటింట్లోకి రావడమే మానేశారు. బాబాయ్ పోయేముందు కాగితాలు నా పేర మారుస్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "మగాడు నిలువెత్తున ఉండగా ఆడదాని పేరేమిటే, విడ్డూరం" అంది. బాబాయ్ నావైపు చూశాడు. గొడవెందుకులే అని తల ఊపాను. ఇల్లు ఈయన పేరయింది.

'ఒక్కడి ఇల్లు' ఫెయిర్ కాపీ కూడా నేనే చేశాను. ఆ పుస్తకంలో అన్నీ వాటంతటవే వస్తాయి. ఉదయం టీ వచ్చింది. మధ్యాహ్నం భోజనం వచ్చింది. చీకటి పడేసరికి దీపం వచ్చింది. కాళ్లున్నట్టు అన్నీ నడిచొచ్చేస్తాయి. చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. అలా రాసుకుంటూ పోతూ ఒకచోట ఆగిపోయాను.

"మొదట నేను వచ్చాను. నాతోపాటు ఒక బల్ల, ఒక కిటికీ, గాలి. అది తర్వాత వచ్చింది. అది వచ్చాక పొగ వచ్చింది, గిన్నెల చప్పుడు వచ్చింది. నా ఏకాంతానికి గోడ అవతల ఇంకో లోకం మొదలైంది."

కాగితం పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. "ఏమండీ, ఈ 'అది' ఏమిటి?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "ఏమిటేమిటి? నువ్వే. ఇంకెవరు?"

"నేను అదా?"

"ఇంట్లో అననా? 'అది బయటికెళ్లింది, అది పడుకుంది' అని అమ్మతో అననా? చనువు. ప్రేమ. ఆ మాటలో ఉన్న దగ్గరితనం నీకు వినబడదు, అదే నీతో వచ్చిన చిక్కు. మార్చకు, అలాగే ఉండనీ."

మరి ముందు వచ్చింది మీరు కాదు కదా అని నోటిదాకా వచ్చింది. "కళ అన్నాక అలాగే ఉంటుంది" అంటారని తెలుసు కనుక మింగేశాను. తిరిగొచ్చి, గట్టు మీద కాగితం పెట్టుకుని, 'అది' అని గుండ్రంగా రాశాను. నా చేతిరాత బాగుంటుందని ప్రెస్సువాళ్లు మెచ్చుకునేవాళ్లు.

బడిలో ఓ ఏడు వ్యాకరణం చెబుతుంటే ఒక పిల్ల లేచింది. "టీచర్, మామయ్య వచ్చాడు. బస్సు వచ్చింది, గేదె వచ్చింది, అమ్మ వచ్చింది. అమ్మా గేదే ఒకటేనా టీచర్?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అవునే, ఒకటే, మన భాషలో 'వాడు' కానిదంతా ఒకే గంపలో పడుతుంది, రాసుకో అన్నాను. ఇంటికొచ్చి టీ పెడుతుంటే ఆ పిల్ల మాట గుర్తొచ్చి, ఎందుకో ఏడుపొచ్చింది.

ఆర్కిటెక్ట్ అమ్మాయి వంటిల్లు తర్వాత వచ్చిందని ఎందుకంటోందో నాకిక చెప్పక్కర్లేదు. అయినా అడిగాను. సంచీలోంచి 'ఒక్కడి ఇల్లు' తీసింది. పేజీల నిండా రంగు రంగు చీటీలు. ఆ వాక్యాల కింద గీత. "చూడండమ్మా. పొగ, గిన్నెల చప్పుడు, గోడ అవతల. సార్ స్పష్టంగా రాశారు. పైగా ఈ గుమ్మం ఇంత పొట్టిగా ఉంది, ఏదో హడావిడిగా తగిలించినట్టు."

"అమ్మాయ్, ఆ 'అది' వంటిల్లు కాదు."

"మరి?"

"నేను."

ఆ అమ్మాయి కిలకిలా నవ్వింది. నేను జోకేశాననుకుంది. నేను నవ్వకపోయేసరికి తన నవ్వూ ఆగిపోయింది. "ఛ, సార్ అలా రాయరమ్మా. ఆడవాళ్ల గురించి సార్ రాసినంత గౌరవంగా ఎవరు రాస్తారు? నేను కాలేజీలో సార్ నవల చదివి ఏడ్చాను. ఆ కూతురు తండ్రితో మాట్లాడే మాటలు నాకిప్పటికీ నోటికొచ్చు." ఆ మాటలు నాకూ నోటికొచ్చు. మా నాన్నతో నేనన్నవే, పొయ్యి దగ్గర కూర్చుని ఈయనకి చెప్పుకున్నవే. అది చెబితే ఇంకా నమ్మదని ఊరుకున్నాను. గోడ సంగతీ, బాబాయ్ సంగతీ, పెట్టె సంగతీ అన్నీ చెప్పాను. బుద్ధిగా విన్నది, పాపం. విని, "మీరు చెప్పేది నిజమైతే నేను చాలా తప్పు చేయబోతున్నానమ్మా. కానీ నా దగ్గరున్న ఆధారం సార్ పుస్తకమే. సార్ ఒక్కమాట చెబితే చాలు, ప్లాను మార్చేస్తాను" అంది.

ఒక్కమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనెంత చెడ్డా అబద్ధమైతే ఆడరు అనుకున్నాను. రాతలో ఏమైనా రాస్తారు, నోటితో ఎదురుగా అడిగితే ఎలా కాదంటారు? తల కొట్టుకున్న గుమ్మం అక్కడే ఉంది కదా.

మర్నాడు సమితి కార్యదర్శి వచ్చాడు. బ్యాంకు మేనేజరుగా చేసినవాడు, మా ఆయన్ని చూస్తే చేతులు నలుపుకుంటూ కూర్చుంటాడు. ముందు గదిలో ఆయన, కార్యదర్శి, అమ్మాయి కూర్చున్నారు. నేను టీ ఇచ్చి, పళ్లెం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాకు కూర్చోమని ఎవరూ అనలేదు, కుర్చీలూ లేవు.

అమ్మాయి పుస్తకం తెరిచింది. "సార్, ఒక చిన్న అనుమానం. మీ పుస్తకంలో 'అది తర్వాత వచ్చింది' అన్నారు కదా. అమ్మగారు... ఆ 'అది' అంటే తనేనని అంటున్నారు. వంటిల్లే ముందు కట్టారని."

కార్యదర్శి ముక్కున వేలేసుకున్నంత పనిచేశాడు. "అమ్మగారూ, మీరు భలేవారండీ! సార్ మిమ్మల్ని 'అది' అని రాస్తారా? లోకం ఏమనుకుంటుంది?"

ఆయన నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ప్రెస్సు నుంచి తప్పులతో పుస్తకం వచ్చినప్పుడు, ఎవరి మీదికి నెట్టాలా అని చూసే చూపు. నేను కళ్లతోనే బతిమాలాను. చెప్పండి, ఒక్కమాట, మీ సొమ్మేం పోతుంది అని బతిమాలాను. ఆయన కప్పు ఎత్తి ఓ గుక్క తాగారు.

"వంటిల్లేనమ్మా" అన్నారు చివరికి. "ఇంకేముంటుంది? వంటిల్లే తర్వాత వచ్చింది. ఆవిడకి ఈ మధ్య కొన్ని గుర్తుండట్లేదు."

కార్యదర్శి అయ్యో అన్నట్టు నావైపు చూసి తల ఊపాడు. అమ్మాయి పుస్తకం మూసింది. కాదండీ అని నేనన్నాను. అన్నానని నాకు గట్టిగా గుర్తుంది, కానీ ఎవరూ నావైపు తిరగలేదు. బహుశా నోట్లోనే అనుకున్నానేమో. అప్పటికే వాళ్లు ప్రారంభోత్సవానికి ఎవర్ని పిలవాలో మాట్లాడుకుంటున్నారు. ఖాళీ కప్పులు పళ్లెంలో పెట్టుకుని, వంగకుండానే నా గుమ్మంలోంచి నా వంటింట్లోకి వచ్చేశాను.

వాళ్లు వెళ్లాక అడిగాను. "ఎందుకలా చెప్పారు?"

"మరేం చెప్పమంటావు? నిన్ను 'అది' అన్నానని నలుగురిలో ఒప్పుకోమంటావా? అప్పుడు ఎవరి పరువు పోతుంది? నీదే. నీ కోసమే చెప్పాను."

"నాకు మతి లేదన్నారు."

"మతి లేదనలేదు, గుర్తుండట్లేదన్నాను. ఈ వయసులో అందరికీ ఉండేదే. దానికింత రాద్ధాంతమా? పొగ గది పోతే పోయింది. ఏనాడైనా ఆ గది బాగుందన్నావా?"

అనలేదు. నిజమే. ఏనాడూ అనలేదు. ఆయన వాదించే తీరే అంత, చివరికి నా మాటే తెచ్చి నా నోట్లో కుక్కుతారు. అబ్బాయికి ఫోన్ చేశాను. వాడికి వినే ఓపిక ఉందిగానీ విన్నది అందలేదు. "అమ్మా, ఆ మసి గది కోసం నువ్వు నాన్నతో గొడవపడ్డం బాగోలేదు. ఇక్కడ ఫ్లాటులో నీకు ఎంత పెద్ద వంటిల్లుందో చూశావుగా? చిమ్నీ పెట్టించాం" అన్నాడు. వెనక నుంచి కోడలు, "అత్తయ్యా, కూల్చేముందు ఫొటోలు తీసి పెట్టుకుందాం, బాధపడకండి" అంది. ఇద్దరిదీ ప్రేమే. కాదనను. నేనడిగింది మాత్రం ఇద్దరికీ వినబడలేదు.

కూల్చే రోజు ఆయన్ని ముందే ఫ్లాటుకి తీసుకెళ్లిపోయారు, దుమ్ము పడదని. సామాన్లు సర్దే పని ఉందని నేను ఉండిపోయాను. రాయి రాయీ ఊడుతుంటే చెట్టు కింద నిలబడి చూశాను. గట్టు రెండు దెబ్బలకే పడిపోయింది. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. చేతకానితనం అంటే ఏడుపు కూడా రాకపోవడమేనేమో. పక్క గోడలు తీసేసి రెండు గదులకీ మధ్య గోడ దగ్గరికొచ్చేసరికి పనివాళ్లు ఆగిపోయారు. అమ్మాయిని పిలిచారు. ముందు గది దూలాలన్నీ ఆ మధ్య గోడ మీదే ఆనుకుని ఉన్నాయి. ముందు గదికి దానికంటూ ఉన్నవి మూడే గోడలు. నాలుగోది నా వంటింటిది. ఆ గోడకి ముందు గదివైపు సున్నం గీకితే, లోపల వాన మరకలూ నాచు చారలూ కనిపించాయి. ఆ గది రాకముందు ఏడాదంతా ఎండకీ వానకీ బయట నిలబడ్డ గోడ కదా, ఉండవూ మరి?

అమ్మాయి ఆ మరకల మీద వేలు పెట్టి రాసి చూసింది. తర్వాత అవతలికి వెళ్లి కార్యదర్శికి ఫోన్ చేసింది. మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "సార్, ఇదే పాతది సార్... అవును సార్, కచ్చితంగా... లేదు సార్, సగం తీసేశాం..." తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయింది.

"పుస్తకంలో ఉన్నట్టే ఉండాలంటున్నారమ్మా. జనం పుస్తకం చదివి వస్తారు, వాళ్లకి ఇంకోటి చూపిస్తే సార్‌ని అబద్ధాలకోరంటారు అంటున్నారు. సమితి వేస్తున్న ఇంటి చరిత్ర పుస్తకం కూడా అచ్చుకెళ్లిపోయిందట." నా చెయ్యి పట్టుకుంది. "నాకేం అధికారం లేదమ్మా. నేను జీతానికి చేసేదాన్ని. సారీ."

"నువ్వేం చేస్తావమ్మా" అన్నాను. నిజంగానే జాలేసింది. దూలాలకి కర్రలు ఊతంగా పెట్టి ఆ గోడ కూడా తీసేశారు. దాని స్థానంలో కొత్తగోడ కట్టి, కొత్తది కొత్తదిలా కనిపించకూడదని చిక్కటి టీ నీళ్లు కాచి దాని మీద పూశారు. ఆ టీ, చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, నన్నే కాచిపెట్టమన్నారు. కాచాను. అలవాటు కొద్దీ పంచదార కూడా వెయ్యబోయి, నా మొహం మండా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ప్రారంభోత్సవం రోజు మేం కారులో గుట్టెక్కాం. వంటిల్లు ఉన్న చోట గులకరాళ్లు పరిచి బెంచీలు వేశారు. ఇంటి చరిత్ర పుస్తకం అందరికీ పంచారు. పచ్చటి అట్ట, బాగుంది. "రచయిత తన చేతులతో నిర్మించుకున్న ఒంటిగది ఇల్లు" అని మొదలవుతుంది. అక్షరదోషం ఒక్కటి లేదు. ప్రూఫులు ఫ్లాటుకి పంపిస్తే నేనే దిద్దాను. అచ్చుకెళ్లిపోయిందన్న పుస్తకం ప్రూఫుల కోసం తర్వాత నా దగ్గరికే వచ్చింది. అందులో ఒక్క వాక్యమైనా మార్చేద్దామా అని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మారిస్తే కార్యదర్శి మళ్లీ మార్పిస్తాడు, ఆవిడకి గుర్తుండట్లేదు పాపం అంటాడు. కామాలు సరిచేసి పంపించేశాను.

ఉపన్యాసాలయ్యాక ఆయన్ని తీసుకెళ్లి కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చోబెట్టారు. కాలేజీ పిల్లలు చుట్టూ మూగారు, ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. పొగడ్త వింటే ఆయాసం కూడా తగ్గుతుంది ఆయనకి. నేను వేళకి మాత్రలివ్వాలి కనుక నీళ్ల గ్లాసుతో పక్కనే నిలబడ్డాను. ఆర్కిటెక్ట్ అమ్మాయి కొత్తగోడ దగ్గర తల దించుకుని నిలబడింది, పొద్దుట నుంచీ నన్ను తప్పించుకు తిరుగుతోంది.

గుంపులోంచి ఒకమ్మాయి, చేతిలో పచ్చ పుస్తకంతో, చనువుగా అడిగింది. "సార్, ఇందులో ఎక్కడా లేదు. అమ్మగారు ఈ ఇంటికి ఎప్పుడు వచ్చారు సార్?"

ఆయన మంచి హుషారులో ఉన్నారు. తిరగకుండానే, చెయ్యి నావైపు ఊపి నవ్వేశారు. "అదా? అది తర్వాత వచ్చిందిలే!"

పిల్లలందరూ ముద్దుగా నవ్వారు. గోడ దగ్గర ఆర్కిటెక్ట్ అమ్మాయి చటుక్కున తలెత్తింది. ఆ మాట విన్నది. ఇప్పటికి అర్థమైంది తనకి. అర్థమై ఏం లాభం, రాళ్లన్నీ లారీలో వెళ్లిపోయాయి. ఇప్పుడు నేను నోరు విప్పినా ఒక్క రాయి వెనక్కి రాదు, అచ్చయిన పుస్తకం మారదు, సాయంత్రం మళ్లీ ఇదే మనిషితో ఆ ఫ్లాటుకే వెళ్లాలి, రాత్రికి ఈయనకి నేనే వండిపెట్టాలి. అన్నీ తెలుసు. తెలిసే గ్లాసు బల్ల మీద పెట్టాను, ఆయన కాగితాల మీద నీళ్లు తొణికినా పట్టించుకోలేదు. పెళ్లైన నాటి నుంచీ 'మీరు' తప్ప ఇంకోమాట ఎరగని నోటితో, అందరి ముందూ ఆయన కళ్లలోకి చూస్తూ, క్లాసులో పాఠం చెప్పినంత నెమ్మదిగా చెప్పాను.

"ముందు నేను వచ్చాను. నువ్వే తర్వాత వచ్చావు."